ఎదురు వెలుగులో ఫొటోలు: ఆకుపచ్చ మచ్చలు, తెల్లటి పొర ఎలా తగ్గించాలి?

బాహుదా ఒడ్డు (ఇచ్ఛాపురం)

పెద్దలకు నమస్కారం. సోనాపూర్ బీచిలో పొద్దు పొడుపు ఫొటోలు తీస్తున్నాను. సూర్యుడి వైపు కెమెరా తిప్పితే చాలు, ఏదో ఒక రకంగా ఫొటో పాడవుతోంది. మూడు ఫొటోలు జత చేశాను, చూడండి.

మొదటి దాంట్లో సూర్యుడు పై ఎడమ మూలలో ఉన్నాడు. కింద కుడివైపు తడి ఇసుక మీద ఆకుపచ్చ, గులాబి మచ్చలు వరసగా పడ్డాయి. మచ్చలు గుండ్రంగా కాకుండా పలకలుగా ఉన్నాయి. 18 మి.మీ. (ఫోకల్ లెంగ్త్; అంకె తగ్గేకొద్దీ వెడల్పుగా పడుతుంది), ఎఫ్/16 (అపెర్చర్, అంటే లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), ఐఎస్ఓ 100. సూర్యుడు నక్షత్రంలా కిరణాలతో రావాలని ఎఫ్/16 పెట్టాను.

రెండో దాంట్లో సూర్యుడు ఫ్రేములోనే లేడు, ఎడమ అంచుకి బయట ఉన్నాడు. మచ్చలేవీ లేవు గానీ ఫొటో అంతా పలచటి మజ్జిగ పోసినట్టు తెల్లబారింది. తారు పూసిన నావ నల్లగా రావాల్సింది, బూడిద రంగులో వచ్చింది. 50 మి.మీ., ఎఫ్/4.

మూడోది రాత్రి తీసింది. బరంపురం ఠాకురాణి యాత్రలో సీరియల్ లైట్ల తోరణం. నల్లటి ఆకాశంలో అదే తోరణం తలకిందులై లేతగా కనబడుతోంది. దీపాలు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది.

నా దగ్గరున్నవి: క్రాప్ సెన్సర్ (35 మి.మీ. ఫిల్మ్ అంత ఉండే ఫుల్ ఫ్రేముకంటే చిన్నది) డీఎస్ఎల్ఆర్, 18-55 కిట్ లెన్స్, 50 మి.మీ. ఎఫ్/1.8. రెండింటికీ యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే చదును గాజు) ఎప్పుడూ బిగించే ఉంటుంది. 18-55కి రేకుల హుడ్ (పక్క ఎండ గాజు మీద పడకుండా లెన్స్ ముందు తొడిగేది) ఉంది, 50కి హుడ్ లేదు. ఖరీదైన లెన్స్ కొంటే ఇవన్నీ పోతాయా? లేక మంచి ఫిల్టర్ కొంటే చాలా?

మహేంద్రతనయ (బారువ)

కొనే మాట పక్కన పెట్టండి. మీ మూడు ఫొటోలకీ కారణాలు వేరు, మందులూ వేరు. ఒకదానికి వాడేది ఇంకోదానికి పనికిరాదు. ఏది ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే రెండు ఫొటోల బాధ పైసా ఖర్చు లేకుండా పోతుంది.

ముందు అసలు సంగతి. గాలి, గాజు కలిసే ప్రతి ముఖం దగ్గరా కొంత వెలుగు వెనక్కి తిరుగుతుంది. పూత లేని గాజైతే ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత ఒక్క పొర వేస్తే ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుంది, పలు పొరల పూత ఉంటే అర శాతం, అంతకన్నా తక్కువ. (లెన్స్ మీద ఈ పూత వేసే పద్ధతికి జర్మనీలో జైస్ కంపెనీలో స్మకులా 1935లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు లెన్సుల్లో గాజులు పెంచాలంటేనే భయపడేవారు.) వెనక్కి తిరిగిన వెలుగు ఇంకో ముఖానికి తగిలి మళ్లీ ముందుకి వస్తే అది సెన్సర్ మీద మచ్చగా పడుతుంది. అంటే ఏ రెండు ముఖాలు జత కట్టినా ఒక మచ్చకు అవకాశం ఉన్నట్టే. గాజులను 9 గుంపులుగా (అతికించిన గాజులన్నీ ఒక గుంపు) అమర్చిన జూమ్ లెన్సులో గాలి తగిలే ముఖాలు 18. జతలు 18 × 17 ÷ 2, అంటే 153. వీటిలో చాలావరకు కంటికి ఆననంత లేతగా పరుచుకుపోతాయి, ఏ కొన్నో బయటపడతాయి.

అర శాతం పూత ఉంటే రెండు ప్రతిఫలనాల తరవాత మిగిలేది 40 వేలలో ఒక వంతు. అంత తక్కువైనా ఎందుకు కనబడుతుంది అంటే, మిట్టమధ్యాహ్నపు సూర్యబింబం ఎండలో ఉన్న ఇసుకకంటే లక్ష రెట్లకు మించి ప్రకాశవంతం. అందుకే ఎంత ఖరీదైన లెన్సైనా సూర్యుణ్ణి ఫ్రేములో పెడితే ఏదో ఒకటి చూపిస్తుంది. తగ్గుతుందేగాని మాయమవదు.

ఇక మీ ఫొటోలు. సులువైనది ముందు.

మూడోది నూటికి నూరుపాళ్లూ ఫిల్టర్ పనే. దీపం వెలుగు సెన్సర్ మీద పడి, కొంత వెనక్కి లెన్సులోంచే బయటికి వెళ్లి, చదునుగా ఉన్న ఫిల్టర్ లోపలి ముఖానికి కొట్టుకుని మళ్లీ లోపలికి వస్తుంది. లెన్స్ దాన్ని మళ్లీ ఫోకస్ చేస్తుంది. కాబట్టే మీరు దీపాలు లెక్కపెట్టగలుగుతున్నారు. ఫ్రేము నడిమధ్య బిందువుకు సరిగ్గా అవతలి పక్క, తలకిందులుగా పడుతుంది. స్కేలు పెట్టి చూడండి: అసలు దీపం, మధ్య బిందువు, నకిలీ దీపం ఒకే గీత మీద సమాన దూరంలో ఉంటే ఫిల్టరే దొంగ. రాత్రి దీపాల ఫొటోలకు ఫిల్టర్ తీసెయ్యండి. పలు పొరల పూత ఉన్న ఖరీదైనది పెట్టినా లేతబడుతుందే తప్ప పోదు.

రెండోది హుడ్ లేని లోటు. సూర్యుడు ఫ్రేములో లేకపోయినా వెలుగు ముందు గాజు మీద ఏటవాలుగా పడుతూనే ఉంది. గాజుల అంచులకు, గొట్టం లోపలి గోడలకు తగిలి సెన్సరంతా చెదిరిపోతోంది. గాజు మీద దుమ్మో వేలిముద్రో ఉంటే ఇది రెట్టింపవుతుంది. మన తీరంలో ఈ బాధ ఎక్కువ. ఎందుకంటే తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా పోతుంది, సముద్రానికి ఎదురుగా నిలబడితే మనం చూసేది దాదాపు ఆగ్నేయం. డిసెంబరులో సూర్యుడు మన చూపుకు 15-20 డిగ్రీలు ఎడమగా లేస్తాడు, జూన్ వచ్చేసరికి 65-70 డిగ్రీలు ఎడమకు జరిగిపోతాడు. క్రాప్ సెన్సర్ మీద 50 మి.మీ. లెన్స్ ఎడమకు చూసేది 13 డిగ్రీలే. అంటే సముద్రానికి సూటిగా గురిపెడితే ఏడాది పొడవునా సూర్యుడు ఫ్రేము బయటే ఉండి గాజును కాల్చుతుంటాడు. 18 మి.మీ. అయితే ఎడమకు 33 డిగ్రీల దాకా పడుతుంది, చలికాలంలో సూర్యుడు ఫ్రేములోకి వస్తాడు, ఎండాకాలంలో బయటికి పోతాడు.

హుడ్ కొనేదాకా ఎడమ చెయ్యి చాలు. కెమెరా ముందువైపు నుంచి లెన్సును చూడండి. గాజు మీద ఎండ తళుక్కుమంటుంటే అరచెయ్యో టోపీయో అడ్డం పెట్టి, నీడ గాజు మొత్తాన్ని కప్పేదాకా జరపండి. నీడ పడగానే లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) నలుపు నల్లగా దిగడం కళ్లముందే కనబడుతుంది. చెయ్యి ఫ్రేములోకి రాకుండా చూసుకోండి. చౌక డీఎస్ఎల్ఆర్‌ల వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది, దాంట్లో లేని వేలు ఫొటోలో తేలుతుంది.

మొదటి ఫొటో కష్టమైనది. సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు హుడ్ చేసేదేమీ లేదు. ఫిల్టర్ తీస్తే కొంత తగ్గుతుంది. మిగిలినదానికి కూర్పు (ఫ్రేములో ఏది ఎక్కడ ఉండాలన్నది) మార్చాలి. మచ్చలన్నీ సూర్యుణ్ణీ ఫ్రేము మధ్య బిందువునూ కలిపే గీత మీదే పడతాయి. సూర్యుణ్ణి మూలకు నెడితే మచ్చలు ఎదురు మూల దాకా పాకుతాయి. మధ్యకు తెస్తే మచ్చలన్నీ సూర్యుడి మీదకే చేరి ఆ వెలుగులో కలిసిపోతాయి. సూర్యుడు మరీ నడిమధ్య వద్దనుకుంటే, మచ్చలు పడే గీతను నల్లటి నావ మీద కాకుండా మెరిసే అలల మీదుగా పోయేట్టు కెమెరాను కొద్దిగా తిప్పండి. వెలుగు మీద మచ్చ అంతగా కనబడదు. వెడల్పుగా తీసి తరవాత కత్తిరించుకోవడమూ ఒక దారే: సూర్యుణ్ణి మధ్యలో ఉంచి 18 మి.మీ. దగ్గర తీసి, ఒక పక్క కోసేస్తే సూర్యుడు పక్కకు జరిగిన కూర్పు వస్తుంది, మచ్చలు రావు.

ఇంకొక్క మాట. సూర్యుడు ఫ్రేములో ఉంటే డీఎస్ఎల్ఆర్ ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి చూడొద్దు. టెలీ లెన్స్ అయితే అసలే వద్దు, కంటి రెటీనా కాలిపోతుంది. లైవ్ వ్యూలోనే చూడండి, అదీ ఎక్కువసేపు సూర్యుడి మీదే ఉంచకుండా.

నాగావళి మలుపు (రాయగడ)

పై జవాబుతో ఏకీభవిస్తున్నా గానీ ఎఫ్/16 సంగతి వదిలేశారు. మొదటి ఫొటోలో సగం తప్పు దానిదే.

మచ్చలు పలకలుగా ఉండడానికి కారణం అపెర్చర్ రెక్కలు. రంధ్రం ఏ ఆకారంలో ఉంటే మచ్చ ఆ ఆకారంలో పడుతుంది. ఎఫ్/16 దగ్గర మచ్చ చిన్నదై అంచులు గట్టిపడతాయి, అందుకే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎఫ్/5.6 పెడితే అదే మచ్చ పెద్దదై పలచబడుతుంది. అలాగని పూర్తిగా తెరిచి ఎఫ్/3.5 పెడితే ఫ్లేర్ (ఈ మచ్చలు, తెల్లటి పొర) పోతుందనుకోకండి. గాజు అంచుల నుంచి కూడా వెలుగు వస్తుంది, తెల్లటి పొర పెరగొచ్చు. ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టి రెండువైపులా ఒక్కో స్టాప్ (ఎఫ్/5.6, ఎఫ్/11 ఇలా) మార్చి చూడండి.

సూర్యుడి చుట్టూ ఎర్రటి, ఆకుపచ్చ చుక్కలు గళ్ల వలలాగా వస్తే అది వేరే జబ్బు. సెన్సర్ ఉపరితలం నుంచి వెలుగు తిరిగి వెనక గాజుకు తగిలి వచ్చేది. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో ఎఫ్/11 దాటాక ఎక్కువ. దీనికి ఒక్కటే మందు, అపెర్చర్ తెరవడం.

నక్షత్రం కావాలంటే ఎఫ్/16 తప్పదనేం లేదు. సూర్యుణ్ణి కొబ్బరి మొద్దు అంచునో, లైట్‌హౌస్ అంచునో సగానికి పైగా దాచి, ఒక్క చీలిక మాత్రం కనబడేట్టు నిలబడండి. ఎఫ్/11కే కిరణాలు చక్కగా వస్తాయి, లోపలికొచ్చే వెలుగు తగ్గుతుంది కాబట్టి మచ్చలూ తగ్గుతాయి. సూర్యుడు తన వెడల్పు జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది, కాబట్టి మీరే అడుగు పక్కకు జరుగుతూ ఉండాలి. కిరణాల లెక్క రెక్కలను బట్టి: రెక్కలు సరిసంఖ్య అయితే అన్నే కిరణాలు, బేసి అయితే రెట్టింపు. ఏడు రెక్కలకు పద్నాలుగు.

వ్యూఫైండర్‌లో మచ్చలు లేవు, ఫొటోలో వచ్చాయి అని చాలామంది అంటారు. చూసేటప్పుడు లెన్స్ పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, క్లిక్ అన్నప్పుడే ఎఫ్/16కి మూసుకుంటుంది. లెన్స్ పక్కన ఉండే డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని లైవ్ వ్యూలో చూడండి, మచ్చ ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. కొన్ని చౌక మోడళ్లలో ఆ బటన్ ఉండదు, వాటిలో కొన్నిట్లో మెనూలో వేరే బటన్‌కి అప్పగించుకోవచ్చు.

కొబ్బరి నీడ (కవిటి)

50కి హుడ్ కొనడం ఎందుకండీ, చార్టుతో చేసుకోండి. కొలత తెలియక అందరూ మరీ పొట్టిగా చేస్తారు, లేదా మూలలు నల్లబడేంత పొడుగు చేస్తారు. లెక్క ఇది.

గొట్టం లోపలి వ్యాసార్ధంలోంచి ముందు గాజు వ్యాసార్ధం తీసెయ్యండి. దాన్ని (సెన్సర్ కర్ణంలో సగం ÷ ఫోకల్ లెంగ్త్)తో భాగించండి. వచ్చేది హుడ్ గరిష్ఠ పొడవు. సెన్సర్ కర్ణంలో సగం ఫుల్ ఫ్రేముకు 21.6 మి.మీ., 1.5 క్రాప్‌కు 14.2, 1.6 క్రాప్‌కు 13.4.

మీ 50కి ముందు గాజు 30 మి.మీ., గొట్టం లోపల 60 మి.మీ. అనుకుందాం. స్కేలు పెట్టి మీరే కొలుచుకోండి. 30 లోంచి 15 పోతే 15. 14.2 ÷ 50 అంటే 0.284. 15ను దాంతో భాగిస్తే సుమారు 53 మి.మీ. అతుకుల్లో తేడా వస్తుంది కాబట్టి 45 దగ్గర కోయండి. ఇది గాజు నుంచి కొలవాలి, లెన్స్ అంచు నుంచి కాదు. 50 మి.మీ. లెన్సుల్లో గాజు లోపలికి ఉంటుంది, ఆ లోతు కూడా 45లో భాగమే. ఇదే గొట్టం 18 మి.మీ.కి పెట్టాలంటే 19 మి.మీ. దాటకూడదు. కిట్ జూమ్‌తో వచ్చే హుడ్ పొట్టిగా ఉండేది, 55 దగ్గర అరకొరగా పనిచేసేది అందుకే. దాన్ని 18కి సరిపడా కోశారు మరి.

చార్టు 60 మి.మీ. గొట్టానికి చుట్టుకొలత 188, అతుక్కి 15 కలిపితే 203 మి.మీ. ముక్క. లెన్స్ మీద కూర్చునే భాగానికి ఇంకో 20 మి.మీ. వెడల్పు కలపండి. ఫోకస్ రింగ్ మీదకు రాకుండా చూడండి, అది తిరక్కపోతే ఆటో ఫోకస్ మోటారు మీద భారం పడుతుంది.

నల్ల చార్టు నున్నగా ఉంటే వాడొద్దు. ఎదురుగా చూస్తే నల్లగానే ఉంటుంది గానీ ఏటవాలు వెలుగుకు అద్దంలా మెరుస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపుదీ అదే గుణం. లోపల నల్ల వెల్వెట్ గుడ్డ అంటించండి. మెత్తటి నూగు వెలుగును మింగేస్తుంది. కొన్న ప్లాస్టిక్ హుడ్ లోపల కూడా ఇది అంటిస్తే తేడా కనబడుతుంది. టైలరు దగ్గర జానెడు ముక్క దొరుకుతుంది.

అయ్యాక పొద్దున్న ఆకాశాన్ని ఎఫ్/1.8 దగ్గర, ఎఫ్/16 దగ్గర రెండుసార్లు, దూరానికి ఫోకస్ చేసి తియ్యండి. మూలలు హుడ్ లేనప్పటికంటే నల్లబడితే రెండేసి మిల్లీమీటర్లు కోసుకుంటూ పోండి.

రేకుల హుడ్ ఉందన్నారు కదా, అది గుర్తుకు గుర్తు కలిసేలా బిగించాలి. పొడుగు రేకులు పైనా కిందా, పొట్టి రేకులు పక్కలకు. అడ్డంగా బిగిస్తే మూలలు కోసేస్తుంది. పాత కిట్ లెన్సుల్లో ఫోకస్ చేసేటప్పుడు ముందు గాజు తిరుగుతుంది, వాటికి రేకుల హుడ్ పనికిరాదు. సంచిలో పట్టడానికి తిరగేసి బిగించి అలాగే ఫొటోలు తీసేవాళ్లు బీచి నిండా కనబడతారు, దాని గురించి ఏం చెప్తాం.

బాహుదా ఒడ్డు (ఇచ్ఛాపురం)

అందరికీ ధన్యవాదాలు. ఫిల్టర్ తీసి వీధి దీపాలు తీశాను, తలకిందుల దీపాలు పోయాయి. చేతి నీడతో నలుపు కూడా వచ్చింది. సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు మాత్రం ఎఫ్/8 పెట్టినా రెండు మచ్చలు మిగులుతున్నాయి, నావ మీదే పడుతున్నాయి. కూర్పు మార్చడం ఇష్టం లేదు. సూర్యుణ్ణి వేలితో మూసి ఇంకో ఫొటో తీసి రెండూ కలపాలని ఎక్కడో విన్నాను. అది ఎలా చెయ్యాలి మాస్టారూ?

మహేంద్రతనయ (బారువ)

చెయ్యొచ్చు గానీ వేలు చాలదు. వేలు సూర్యుణ్ణి మూసినట్టు స్క్రీన్ మీద కనబడుతుంది, ముందు గాజులో మిగతా భాగం మీద మాత్రం ఎండ పడుతూనే ఉంటుంది. తెల్లటి పొర అలాగే ఉండిపోతుంది. గాజు మొత్తం నీడలోకి రావాలి.

గాజు వ్యాసంకంటే ఒక సెంటీమీటరు పెద్దగా గుండ్రటి నల్ల అట్టముక్క కోయండి. 30 మి.మీ. గాజుకు 40 మి.మీ. ముక్క. దాన్ని కొబ్బరి ఈనె చివర అంటించండి. లెన్సుకు అర మీటరు దూరంలో పట్టుకుంటే సూర్యుడి అర డిగ్రీ వెడల్పు వల్ల నీడ అంచు 5 మి.మీ. దాకా చెదురుతుంది, ఆ ఒక సెంటీమీటరు అందుకోసం. దగ్గరగా పట్టుకుంటే అట్ట ఫ్రేములో చాలా చోటు తినేస్తుంది. మరీ దూరమైతే చెయ్యి వణికి నీడ జారిపోతుంది.

ట్రైపాడ్ కాళ్లు తడి ఇసుకలో అల వచ్చినప్పుడల్లా దిగబడతాయి, ముందే గట్టిగా నొక్కి దింపండి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో పెట్టి, రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చెయ్యని ముడి ఫైలు) తియ్యండి. లెన్సులో స్టెబిలైజర్ ఉంటే ఆపండి. మామూలుగా ఒకటి తీసి, వెంటనే అట్ట అడ్డం పెట్టి నీడ గాజు మీద కూర్చున్నాక రెండోది. రెండింటికీ మధ్య నాలుగైదు సెకన్లకు మించకూడదు.

కలిపేటప్పుడు అందరూ మామూలు ఫొటోను అడుగున పెట్టి మచ్చలున్న చోటే రెండోదాన్ని రుద్దుతారు. తిరగేసి చెయ్యండి. అట్ట అడ్డం పెట్టిన ఫొటోనే అడుగు పొరగా ఉంచండి, ఎందుకంటే అందులో నలుపు సరిగ్గా ఉంటుంది, తెల్లటి పొర ఉండదు. పైన మామూలు ఫొటో పెట్టి నల్ల మాస్క్ (పై పొరను దాచే తెర) వేసి, సూర్యుడూ అట్ట ఉన్న మేరకు మాత్రం తెల్ల బ్రష్‌తో తెరవండి. బ్రష్ అంచు బాగా మెత్తగా, హార్డ్‌నెస్ సున్నా. అలల మీద అతుకు రానివ్వొద్దు, అలలు కదిలిపోతాయి కాబట్టి తెలిసిపోతుంది. ఆకాశంలోనే పూర్తిచెయ్యాలి. సూర్యుడు నీటికి తాకుతున్నప్పుడు ఈ పద్ధతి కుదరదు. అయితే అప్పుడు దీని అవసరమూ తక్కువే. బింబం నీళ్లలోంచి పూర్తిగా బయటపడడానికి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది, ఆ తరవాత మూడు నాలుగు నిమిషాలు కూడా మందపాటి గాలిపొర వెలుగును వడగడుతుంది. చలికాలపు మంచు ఉంటే ఇంకొంచెం సేపు. ఫ్లేర్ ముదిరేది సూర్యుడు రెండు మూడు డిగ్రీలు పైకి వచ్చాక.

ఎక్స్‌పోజర్ బ్రాకెట్ చేసి (ఒకే దృశ్యాన్ని ఎక్కువ, తక్కువ వెలుగుతో పలుమార్లు తీసి) హెచ్‌డీఆర్‌గా ఒకే ఫొటోలో కలిపేవాళ్లు ఒకటి గమనించండి. ఎక్కువ ఎక్స్‌పోజర్ ఉన్న ఫొటోలోంచే నీడ భాగాలు తీసుకుంటారు, మచ్చలు అందులోనే గాఢంగా ఉంటాయి. కలిపాక మొదట కనబడని మచ్చలు కూడా పైకి తేలతాయి.

గజపతి క్లిక్ (పర్లాకిమిడి)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర ఫోనే ఉంది. రాత్రి లైట్లు తీస్తే ఆకుపచ్చ చుక్కలు వస్తున్నాయి, దీపాల నుంచి పొడుగాటి చారలు కూడా. ఫోనుకు హుడ్ ఉండదు కదా?

నాగావళి మలుపు (రాయగడ)

కెమెరా మీద రక్షణ గాజు అంటించారా? అంటిస్తే ముందు అది పీకెయ్యండి. పైన చెప్పిన యూవీ ఫిల్టర్ బాధంతా దాంట్లో ఉంది, పైగా జిగురు పొరలో గాలి చిక్కుకుంటుంది. ఫోను సొంత గాజు గట్టిదే.

చారలు మాత్రం వేలి జిడ్డు. ఏ దిశలో తుడిస్తే దానికి అడ్డంగా చార వస్తుంది. జేబు గుడ్డతో పైనుంచి కిందికి ఒక్కసారి గీసి తుడిచి చూడండి, చారలు అడ్డంగా సాగుతాయి. ఊపిరి ఊది, మైక్రోఫైబర్ గుడ్డతో గుండ్రంగా తుడిచి, చివర పొడిభాగంతో ఇంకోసారి తుడిస్తే పోతాయి. ఆకుపచ్చ చుక్క దీపానికి ఎదురు పక్క, మధ్య బిందువుకు అవతల పడుతుంది. ఫోను నాలుగైదు డిగ్రీలు వంచితే అది దీపాల గుంపులోకి జారి కనబడకుండా పోతుంది. వెడల్పు లెన్స్ వదిలి 1ఎక్స్ వాడండి. ఫోను లెన్స్ చిన్నది కాబట్టి పక్కనుంచి కొట్టే వీధి దీపానికి అరచెయ్యి నీడ చాలు, సూర్యుడికైతే వేలు కూడా సరిపోతుంది.

లైట్‌హౌస్ (గోపాల్‌పూర్)

ఇంత చర్చ జరిగింది, ఉప్పు మాట ఒక్కరూ ఎత్తలేదు. ఫిల్టర్ తీసెయ్యమన్నారు, సరే. సముద్రం ఒడ్డున గాజు మీద కంటికి కనబడని ఉప్పు తుంపర పది నిమిషాల్లో పేరుకుంటుంది. సూర్యుడు ఎదురుగా ఉంటే ఒక్కో ఉప్పురవ్వ ఒక్కో దీపం. తెల్లటి పొరకు సగం కారణం అక్కడే ఉంటుంది.

పొడిగుడ్డతో తుడవొద్దు, ఎండిన ఉప్పు పలుకులు పూతను గీసేస్తాయి. బ్లోయర్‌తో ఇసుక ఊదండి. నోటితో కాదు, ఉమ్మి పడుతుంది. గుడ్డ కొసను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, నొక్కకుండా మధ్య నుంచి అంచుకు తుడిచి ఉప్పు కరగనివ్వండి. ఆ తరవాతే లెన్స్ ద్రావణం, అదీ గుడ్డ మీద ఒక చుక్క. గాజు మీద నేరుగా పోస్తే అంచులోంచి లోపలికి దిగుతుంది. డిస్టిల్డ్ వాటర్ కోసం మార్కెట్లో బ్యాటరీలకు పోసే నీళ్ల డబ్బా కొనేటప్పుడు మూత సీలు ఉందో లేదో చూడండి, ఆమ్లం కలిపినది కూడా అలాంటి డబ్బాల్లోనే వస్తుంది.

గాలి మరీ ఎక్కువగా ఉన్న రోజు ఫిల్టర్ ఉంచుకోవడమే మేలు, కాకపోతే సూర్యుడు ఫ్రేములోకి వచ్చే నాలుగు ఫొటోలకు తీసి, మళ్లీ పెట్టుకోండి. ఏసీ గదిలోంచి తెల్లవారుజామున నేరుగా బీచికి తెస్తే గాజు మీద చెమ్మ కమ్ముతుంది. సంచి మూసే ఉంచి అరగంట బయట పెట్టండి.

ఎన్ని చేసినా పొర పోకపోతే లెన్స్ లోపల చూడండి. రెండు మూతలూ తీసి, అపెర్చర్ తెరిచి, వెనకనుంచి టార్చి ఏటవాలుగా కొట్టి ముందునుంచి చూడాలి. సాలెగూడు తీగల్లాంటివి కనబడితే ఫంగస్, పొగలా ఉంటే నూనె ఆవిరి పొర. మన తీరపు తేమకు ఇవి మామూలే. పైపై తుడుపుకు పోవు, విప్పి తుడవాలి. కొత్త లెన్సులకు ఇవి పట్టకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40-50 శాతం మధ్య ఉంచండి. చిన్న తేమ మీటరు డబ్బాలోనే పెట్టుకోవచ్చు. వానాకాలంలో జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టాలి.

బాహుదా ఒడ్డు (ఇచ్ఛాపురం)

టార్చి వేసి చూశాను, లోపల శుభ్రంగానే ఉంది. ఆఖరి ప్రశ్న. సాయంత్రం పూట ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల గాజు) పెట్టి 30 సెకన్ల ఫొటోలు తీస్తే మధ్యలో లేత ఊదా పట్టీ వస్తోంది. సూర్యుడు నా వెనకే ఉన్నాడు కదా, ఇది ఎక్కడి ఫ్లేర్? పాత ఫొటోల్లో తెల్లటి పొరను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని డీహేజ్‌తో తీసెయ్యొచ్చా?

మహేంద్రతనయ (బారువ)

అది లెన్స్ ఫ్లేర్ కాదు, వ్యూఫైండర్ నుంచి వచ్చే వెలుగు. తూర్పు తీరంలో సాయంత్రం సముద్రం వైపు తిరిగితే పడమటి ఎండ నేరుగా మీ ఐపీస్ (వ్యూఫైండర్‌లో కన్ను పెట్టే చోటు) మీద కొడుతుంది. పది స్టాపుల ఎన్‌డీ పెడితే ముందునుంచి వచ్చే వెలుగు వెయ్యో వంతుకు తగ్గుతుంది, వెనకనుంచి కారేది మాత్రం తగ్గదు. అద్దం పైకి లేచినా అంచుల సందులోంచి సెన్సర్ మీద పడుతుంది. కొన్ని కెమెరాల పట్టీకి చిన్న రబ్బరు మూత ఉంటుంది, అది ఐపీస్ కోసమే ఇస్తారు. ఐకప్ (ఐపీస్ చుట్టూ ఉండే రబ్బరు) తీసి అది తొడగండి, లేకపోతే నల్ల గుడ్డ కప్పండి. చదరపు ఫిల్టర్ హోల్డర్ అయితే ఫిల్టర్‌కీ లెన్సుకీ మధ్య సందు చుట్టూ కూడా గుడ్డ చుట్టాలి, వెనక ఎండ ఆ సందులోంచి ఫిల్టర్ లోపలి ముఖానికి తగులుతుంది.

డీహేజ్ పాత ఫొటోలకు కొంతవరకు పనిచేస్తుంది. ఫొటో మొత్తానికి వెయ్యకుండా పొర ఉన్న వైపుకే గ్రేడియంట్ మాస్క్ గీసి, 15-25 మధ్య ఆపండి. అది దాటితే ఆకాశంలో గింజలు, సూర్యుడి చుట్టూ మురికి వలయం వస్తాయి. ఆ తరవాత బ్లాక్స్‌ను హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫు) ఎడమ గోడకు తాకేదాకా దించి, నలుపులో మిగిలిన నారింజ ఛాయను కలర్ గ్రేడింగ్‌లో షాడోస్‌కు కొద్దిగా నీలం కలిపి తియ్యండి. జేపెగ్ ఫొటోలైతే ఇందులో సగం కూడా తట్టుకోవు.